రెండు ఊళ్ళకు ఒక్క సభ

హాల్విక్, 12 మార్చి 1973

చిరంజీవి వినిఫ్రెడ్‌కు,

మీ వదిన పోయాక ఇంటి ఉత్తరాలు కూడా నేనే రాసుకోవాల్సి వస్తోంది. పురసభ కాగితం మీద రాస్తున్నందుకు ఏమీ అనుకోకు, ఇంట్లో వేరే కాగితం లేదు.

పేపర్లో చూసే ఉంటావు. లండన్ పెద్దలు మ్యాపు ముందేసుకుని పెన్సిల్‌తో ఒక గీత గీశారు. ఆ గీత లోపల మన హాల్విక్, మీ స్కెల్డెన్, పైన కొండల్లో అయిదారు పల్లెలు పడ్డాయి. వచ్చే ఏడాది ఏప్రిల్ ఒకటి నుంచి అన్నిటికీ కలిపి ఒకటే పురసభ. ఆ తేదీ పెట్టింది వాళ్ళే, నేను కాదు.

హాల్విక్ పురసభకు ఏడువందల ఏళ్ళ చరిత్ర ఉంది. ఇక్కడి వాగులో రాజుగారి గుర్రం నాడా ఊడిపోతే మన కమ్మరి ఒకడు కొత్తది కొట్టి ఇచ్చి కూలి తీసుకోలేదు. రాజుగారు మెచ్చి, పురసభ పెట్టుకోమని రాతపూర్వకంగా సన్నదు ఇచ్చారు. మొదట్లో పన్నెండుమంది సభ్యులు. ఒకరు చనిపోతే మిగతా పదకొండుమంది కూర్చుని తమకు నచ్చినవాణ్ణి ఎంచుకునేవారు. అలా అయిదువందల ఏళ్ళు ప్రశాంతంగా నడిచింది. తర్వాత జనానికి ఓట్లిచ్చారు, అప్పటినుంచీ రచ్చే. మేయరు ముందు మోసే వెండి దండానికి సొట్ట ఎలా వచ్చిందో నీకు తెలుసు కదా. బావి ఎక్కడ తవ్వాలన్న చర్చలో అది ఒక సభ్యుడి తల మీద పడింది. ఆ బావి ఇప్పటికీ లేదు.

ఇటువంటి సభను తీసుకెళ్ళి పొగగొట్టాల ఊరితో ముడి పెట్టారు. నిన్ను అనడం లేదు. నువ్వు పెళ్ళి చేసుకుని వెళ్ళావు, అక్కడ పుట్టలేదు. ఇంకో మాట. ఆల్డర్మన్ పదవులు కూడా రద్దట. సభ్యులు తమలో పెద్దవాళ్ళనుకున్నవారిని ఆల్డర్మన్లుగా ఎంచుకునే మంచి ఆచారం పోతోంది. ముందే సిద్ధం కావడానికి ఎన్నికలు ఈ జూన్‌లోనే, నేను అందరిలాగే జనం ఓట్లతో గెలవాలి. కానీ కొత్త సభకు మొదటి మేయరు అంటూ ఒకరు కావాలి కదా. అనుభవం ఉన్నవాళ్ళు ఎవరున్నారో నువ్వే ఆలోచించు.

మీ స్కెల్డెన్ వాళ్ళు ఎలాంటివాళ్ళో నాలుగు ముక్కలు రాయి.

ఆశీస్సులతో,
ఆల్డర్మన్ సి. ఫెన్విక్

* * *

స్కెల్డెన్, 19 మార్చి 1973

అన్నయ్యకు,

తోడబుట్టినదానికి రాసే ఉత్తరం కింద కూడా ఆల్డర్మన్ అని సంతకం పెట్టేవాడివి నువ్వొక్కడివే అయుంటావు. ఆ పదవి పోయేలోపు కడుపునిండా పెట్టుకో.

స్కెల్డెన్ వాళ్ళు ఎలాంటివాళ్ళని అడిగావు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నేను ఇక్కడే ఉన్నాను, ఈ ప్రశ్న ఇప్పుడు గుర్తొచ్చింది నీకు. మామూలువాళ్ళు. మిల్లులో చేస్తారు, మిల్లు మూతపడితే వేరే మిల్లు చూసుకుంటారు. మీకు సన్నదు రాజు ఇచ్చాడు, మాకు కలరా ఇచ్చింది. మా ఆయన ఆల్ఫ్ వాళ్ళ తాతమ్మ కాలంలో ఒక్క వేసవిలో వీధులకు వీధులు ఖాళీ అయ్యాయట. అప్పుడు మిల్లుల యజమానులకు భయం పుట్టి ఒక బోర్డు పెట్టారు. మురుగుకాలువలు తవ్వారు, స్నానశాల కట్టారు. మా సభ పుట్టుక అదీ. మాకు వెండి దండం లేదు, మెడలో వేసే మేయరు గొలుసు లేదు. మేయరు కూడా లేడు, ఒక చైర్మన్ ఉంటాడు. ఆయన సభకు టిఫిన్ డబ్బాతో వస్తాడు.

యూనియన్ సెక్రటరీ జో బ్రెథర్టన్ నిన్న మా ఇంటికొచ్చాడు. జూన్‌లో నన్ను కూడా నిలబడమంటున్నాడు. "ఈ వయసులో నేనేం నిలబడతాను" అన్నాను. "మిసెస్ స్టాట్, మీకు నోరుంది, ఖాళీ ఉంది, ఇంకేం కావాలి" అన్నాడు. ఇంకా ఏమీ చెప్పలేదు.

నీ చెల్లెలు,
విన్నీ

* * *

హాల్విక్, 30 ఏప్రిల్ 1973

చిరంజీవి వినిఫ్రెడ్‌కు,

ప్రచారం మొదలైంది. తలుపులు తడుతున్నాను. ఒకావిడ నన్ను గ్యాస్ మనిషి అనుకుని సరాసరి వంటింట్లోకి తీసుకెళ్ళింది. స్టవ్ బాగు చేసి వచ్చాను. ఓటు వేస్తానని మాత్రం చెప్పలేదు. ఇంకొకాయన, "ఫెన్విక్ గారా, ఆయన పోయి చాలాకాలమైందే" అన్నాడు. నేను ఖండించాను. ఆయన ఒప్పుకోలేదు.

నేను స్వతంత్ర అభ్యర్థిని. మా హాల్విక్‌లో పెద్దమనుషులందరూ స్వతంత్రులే. నెలకొకసారి కన్జర్వేటివ్ క్లబ్బులో కలుసుకుని, ఎవరికివారం స్వతంత్రంగా ఒకే నిర్ణయానికి వస్తాం.

నిలబడమన్నారని రాశావు. పోలింగు రోజున కరపత్రాలు పంచడానికి అయితే ఎక్కువసేపు నిలబడకు. మోకాళ్ళకు మంచిది కాదు. ఒక మడతకుర్చీ తీసుకెళ్ళు. మా ఇంటిసామాన్ల దుకాణంలో మంచివి ఉన్నాయి, కావాలంటే ఒకటి పంపిస్తాను.

ఆశీస్సులతో,
ఆల్డర్మన్ సి. ఫెన్విక్

* * *

స్కెల్డెన్, 10 జూన్ 1973

అన్నయ్యకు,

మడతకుర్చీ అందింది. బాగుంది. ఇక దాని మీదే కూర్చుని సభకు రావచ్చు, ఎందుకంటే నేను గెలిచాను.

నువ్వు అలా అర్థం చేసుకున్నావని తెలిసి కూడా నేను సరిదిద్దలేదు. ఓడిపోతే చెప్పే పనే ఉండదు కదా అనుకున్నాను. మా వార్డులో నా మీద నిలబడ్డవాడు తమలపాకంత మీసం ఉన్న కుర్రాడు, లిబరల్. ప్రతి ఇంటికీ వెళ్ళి మొక్కలు నాటాలని చెప్పాడు. ఇక్కడ మొక్క నాటడానికి ఎవరికీ జాగా లేదు.

నువ్వు కూడా గెలిచావని పేపర్లో చదివాను. తక్కువ తేడాతోనే అయినా గెలుపు గెలుపే. మొత్తం లెక్క చూశావా? హాల్విక్ నుంచి పద్దెనిమిది, మా నుంచి పద్దెనిమిది, పల్లెల నుంచి అయిదు. మీ పద్దెనిమిదిమందీ స్వతంత్రులు. మా వాళ్ళు లేబరు, అందులో నలుగురు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఆ పల్లెల అయిదుగురికి ఏ పార్టీ లేదు. వాళ్ళ పెద్ద, పందులు పెంచే ట్రిగ్ గారు. ఆయన ఎటు చెయ్యెత్తితే అదే చట్టం. గెలిచిన సాయంత్రం ఆయన్ని ఎవరో అడిగారట, మీ విధానం ఏమిటని. "ఎవరు ఏమిస్తారో చూడాలి" అన్నాడట. కొత్త సభలో నిజం చెప్పిన మొదటి మనిషి ఆయనే.

కోపం తెచ్చుకోకు.

విన్నీ

* * *

హాల్విక్, 14 జూన్ 1973

వినిఫ్రెడ్‌కు,

నీ గెలుపు సంగతి నేను మంగలి షాపులో, సగం గడ్డం గీయించుకుని ఉండగా విన్నాను. మంగలి నన్ను అభినందించాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక మిగతా సగం గీయించుకోకుండానే లేచి వచ్చేశాను.

మన కుటుంబం నుంచి ఇద్దరు సభలో, ఎదురెదురు బెంచీల మీద. నాన్న ఉంటే ఏమనేవారో.

సి. ఫెన్విక్

* * *

స్కెల్డెన్, 21 అక్టోబరు 1973

అన్నయ్యకు,

నాన్న ఉంటే "ఇద్దరూ కూర్చోండి, గట్టిగా అరవకండి" అనేవారు. ఎప్పుడూ ఆయన అన్నదదే.

వేసవంతా నువ్వు ఒక్క ఉత్తరం రాయలేదు. కొత్త సభ సన్నాహక సమావేశాల్లో ఎదురుపడినా "గౌరవ సభ్యురాలు" అంటావు. సరే. పేర్ల కమిటీలో ఏం జరిగిందో నీకు పిల్లింగ్ చెప్పే ఉంటాడు. ఆయన కార్యదర్శి కాబట్టి మర్యాదగా చెప్పి ఉంటాడు. నేను ఉన్నదున్నట్టు చెబుతాను.

మీవాళ్ళు కొత్త పురానికి హాల్విక్ అని పెట్టమన్నారు. మావాళ్ళు స్కెల్డెన్ అన్నారు. రెండూ కలిపి హాల్‌స్కెల్ అని ఒకాయన సూచించాడు. "అది చర్మవ్యాధి పేరులా ఉంది, మా పెంపుడు పందికి వచ్చింది" అన్నాడు ట్రిగ్ గారు. ఆ పేరు అక్కడితో ఆగిపోయింది. చివరికి మ్యాపులో వెతికితే రెండు ఊళ్ళ మధ్య ఎండర్ అనే ఒక పిల్లకాలువ కనబడింది. ఏ ఊరివాళ్ళూ దాన్ని ఎప్పుడూ చూడలేదు కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఎండర్‌డేల్. కానీ హుందాగా లేదని మీ డెస్మండ్ లేసీ దానికి ముందు 'ఉత్తర' చేర్పించాడు. దక్షిణ ఎండర్‌డేల్ ఎక్కడుందని అడిగాను. లేదట. భవిష్యత్తులో రావచ్చట.

కార్యాలయం ఎక్కడ పెట్టాలన్నది కూడా తేల్చేశారు. మీ టౌన్‌హాలూ కాదు, మాదీ కాదు. మధ్యలో ట్రిగ్ గారి పొలం పక్కన ఖాళీగా ఉన్న కోడిగుడ్ల గోడౌను. బాగు చేయిస్తారట. అద్దె ఎవరికి వెళ్తుందో ఎవరూ అడగలేదు, నేను అడిగేలోపు టీ వచ్చింది.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది?

విన్నీ

* * *

హాల్విక్, 18 నవంబరు 1973

చిరంజీవి వినిఫ్రెడ్‌కు,

మోకాలు బాగానే ఉంది. నడుం పట్టేసింది.

నీ మీద కోపం ఉందని అనుకుంటున్నావు, అది నిజం కాదు. బాధ మాత్రమే ఉంది, అది కూడా చాలావరకు తగ్గింది. ఎందుకంటే శుభవార్త. హాల్విక్ సభ్యులం క్లబ్బులో కలిశాం. ఏప్రిల్‌లో మేయరు పదవికి నా పేరే చెబుతారు. లేసీ స్వయంగా నా చెయ్యి పట్టుకుని, "ఫెన్విక్ గారూ, మీరు ఉండగా ఇంకొకరా" అన్నాడు. మేయరు వేసుకునే ఎర్ర అంగీ ఉతకడానికి ఇచ్చేశాను.

దాంతోపాటు నన్ను సదుపాయాల కమిటీకి అధ్యక్షుణ్ణి చేశారు. కొత్త సభలో అనవసరమైనవన్నీ ఏరి పారేయాలి. మొదటగా మీ ఊళ్ళో ఏదో నీళ్ళ తొట్ల కట్టడం ఉందట. పాతబడి కూలిపోయేలా ఉందని, పక్కన కారు పార్కింగుకు జాగా సరిపోవడం లేదని లేసీ చెబుతున్నాడు. హాల్విక్‌లో అటువంటిది లేదు, ఎప్పుడూ అవసరం పడలేదు. ఈ రోజుల్లో ఇంట్లో స్నానాల గది లేనివాళ్ళు ఎవరుంటారు? ఫిబ్రవరి సభలో మూసేద్దాం. నీకు ముందుగా చెబుతున్నాను, సభలో ఆశ్చర్యపోకుండా.

ఆశీస్సులతో,
ఆల్డర్మన్ సి. ఫెన్విక్
(కాబోయే, దైవానుగ్రహం ఉంటే, మేయరు)

* * *

స్కెల్డెన్, 25 నవంబరు 1973

అన్నయ్యకు,

నీళ్ళ తొట్ల కట్టడం అన్నావే, దాని పేరు స్నానశాల. మా వీధిలో, పక్క వీధిలో, ఆ పక్క నాలుగు వీధుల్లో ఇళ్ళకు స్నానాల గదులు లేవు. అవి కట్టినప్పుడే లేవు. మిల్లువాళ్ళు మనుషులు పడుకోవడానికి కట్టారు, కడుక్కోవడానికి కాదు. వారానికోసారి సబ్బూ తువ్వాలూ పట్టుకుని జనం అక్కడికే వెళ్తారు. పిల్లలు ఈత నేర్చుకునేదీ అక్కడే. ఇంట్లో స్నానాల గది లేనివాళ్ళు ఎవరుంటారని అడిగావు. నువ్వు మా ఇంటికి వస్తావు, ముందుగదిలో కూర్చుంటావు, టీ తాగుతావు, గడియారం చూసుకుంటావు. అంతకుమించి ఎప్పుడూ లోపలికి రాలేదు.

నేను ఇప్పుడు సభ్యురాలిని కాబట్టి సభ్యురాలిలాగే మాట్లాడతాను. నీకు మేయరు కుర్చీ కావాలి. మాకు స్నానశాల కావాలి. నీ కమిటీ దాని జోలికి రాకపోతే నేను, నాతో పాటు మావాళ్ళు ఏడెనిమిదిమంది ఏప్రిల్‌లో నీకు చెయ్యెత్తుతాం. బ్రెథర్టన్‌తో మాట్లాడాను, ఒప్పుకున్నాడు. ముఖం చిట్లించాడు కానీ ఒప్పుకున్నాడు.

ఆలోచించుకో.

విన్నీ

* * *

హాల్విక్, 2 డిసెంబరు 1973

శ్రీమతి డబ్ల్యు. స్టాట్, సభ్యురాలు, గారికి,

మీ ప్రతిపాదన అందింది. హాల్విక్ మేయరు గొలుసు ఏడువందల ఏళ్ళుగా బేరానికి లేదు. ఇప్పుడూ లేదు.

నా మనస్సు నిష్పాక్షికమైనది. ఆ కట్టడం నిజంగా అవసరమో కాదో నా కళ్ళతో చూసి, నా ఒంటితో పరీక్షించి నిర్ణయిస్తాను. ఎవరికీ చెప్పకుండా వస్తాను. మీకు కూడా.

సి. ఫెన్విక్, ఆల్డర్మన్

విన్నీ, పైన రాసినది ఫైలు కోసం. కానీ నువ్వు నాతో బేరమాడావన్నది మాత్రం మనసులో ముల్లులా ఉంది.

* * *

స్కెల్డెన్, 27 జనవరి 1974

అన్నయ్యకు,

మంచు మీద జారి చీలమండ విరిగింది. ప్లాస్టరు వేశారు. ఫిబ్రవరి సభకు రాలేను. సభ్యురాలు రాలేకపోతే ఓటు కూడా రాదని పిల్లింగ్ ఎంతో విచారంగా చెప్పాడు.

నువ్వు కరెక్టే. నేను బేరమాడాను. నీకు వేరేలా చెబితే వినిపించదనుకున్నాను.

ఇక నీ ఇష్టం.

విన్నీ

* * *

స్కెల్డెన్, 20 ఫిబ్రవరి 1974

కత్‌బర్ట్‌కు,

అన్నయ్యా అని రాయబుద్ధి కావడం లేదు.

పక్కింటి మిసెస్ క్లెగ్ నిన్న సభకు వెళ్ళి గ్యాలరీలో కూర్చుంది, నాకు చెప్పడానికే. కరెంటు కోత వల్ల కొవ్వొత్తుల వెలుతురులో సభ జరిగిందట. నువ్వు లేచి ఆగకుండా మాట్లాడావట. నీళ్ళు చల్లగా ఉన్నాయన్నావట. తలుపు ఉబ్బి బిగుసుకుపోయిందన్నావట. తువ్వాలు తగిలించే కొక్కెం విరిగిందని, అక్కడ పనిచేసేవాళ్ళకు మర్యాద తెలియదని, గోడ మీద నాచు ఉందని అన్నావట. "మీ అన్నయ్య గంటసేపు తిట్టాడమ్మా, మనిషన్నవాడు ఒక్క మంచిమాట అనలేదు" అని చెప్పింది. ఆఖరి బస్సు తప్పుతుందని ఆవిడ మధ్యలో వచ్చేసింది. ఇంకా ఉండి వినాల్సిన అవసరం ఏముంది?

నిష్పాక్షికంగా వచ్చి చూశావన్నమాట. కొక్కెం చూశావు. ఆ కొక్కేనికి ఎవరి కోటు వేలాడుతుందో మాత్రం చూడలేదు.

నీకు మేయరు గొలుసు దక్కుగాక. బరువుగా ఉంటుందట, మెడ జాగ్రత్త.

వినిఫ్రెడ్ స్టాట్

* * *

హాల్విక్, 20 ఫిబ్రవరి 1974

నా ప్రియమైన విన్నీకి,

నిన్నటి సభ సంగతి నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. అయినా నేను చెబితేనే బాగుంటుంది.

పోయిన శుక్రవారం నేను మీ స్నానశాలకు వచ్చాను. టోపీ ముఖం మీదికి లాక్కుని, పాత కోటు వేసుకుని వచ్చాను. ఎవరైనా గుర్తుపడితే అందరూ లేచి నిలబడతారేమో, పరీక్ష చెడిపోతుందేమో అనుకున్నాను. ఎవరూ గుర్తుపట్టలేదు. అది కొంచెం ఆశ్చర్యంగానే ఉంది. వాకిట్లో కూర్చున్న బలమైన ఆవిడ, పేరు బెర్తా అట, నా చేతిలో ఒక సబ్బుముక్క పెట్టి, "తాతా, లైను అక్కడ" అంది. లైన్లో నిలబడ్డాను. నా ముందు ఒక ముసలాయన, బొగ్గుమసి ఇంకా మెడ మడతల్లోనే ఉంది. వెనక ఒకావిడ ముగ్గురు పిల్లలతో. నలుగురూ ఒకే తొట్టి వాడుకుంటారట, పెద్దది ముందు, చిన్నది చివర.

నా వంతు వచ్చేసరికి బెర్తా, "నాలుగోది తీసుకో. శుక్రవారాలు అది మిసెస్ స్టాట్‌ది. పాపం కాలు విరిగి రావడం లేదు" అంది.

నేను "ఏ మిసెస్ స్టాట్?" అన్నాను.

"మెషిన్ వీధి విన్నీ స్టాట్. సభ్యురాలు. నేను ఇక్కడ చేరి ఇరవై ఏళ్ళు, అప్పటికే వస్తోంది. వచ్చినప్పుడల్లా తొట్టి తనే తోమిపోతుంది, తర్వాత వచ్చేవాళ్ళ కోసం. నువ్వు కూడా తోమి వెళ్ళు."

విన్నీ, నేను బాత్‌టబ్బులు అమ్మే మనిషిని. దుకాణం కిటికీలో ముప్ఫై ఏళ్ళుగా ఒక తెల్ల టబ్బు పెట్టి ఉంది. హాల్విక్‌లో ఏ ఇంట్లో ఏ టబ్బు ఉందో చెప్పగలను. మా చెల్లెలు ఎక్కడ స్నానం చేస్తుందో నాకు తెలియదు.

ఆ తొట్టిలో కూర్చున్నాను. నీళ్ళు నిజంగానే చల్లగా ఉన్నాయి. కాసేపయ్యాక లేచి లాగితే తలుపు రాలేదు. తట్టాను. బెర్తా బయటి నుంచి భుజంతో ఒక్కటి కొట్టింది, తలుపు వచ్చింది, నేను తువ్వాలు మాత్రమే కట్టుకుని ఉన్నాను. ఆవిడ నా వైపు చూడను కూడా చూడకుండా, "తోమావా?" అంది. తోమాను.

నిన్న సభలో అన్నీ చెప్పాను. చల్లటి నీళ్ళు, తలుపు, కొక్కెం, నాచు. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే, ముందు లోపాలన్నీ చెప్పడం. లేసీ పక్కనుంచి ఊకొడుతూ వచ్చాడు. గ్యాలరీలో జనం లేచి వెళ్ళిపోవడం కనబడింది. తర్వాత చెప్పాను, ఇవన్నీ వెంటనే బాగు చేయించాలి, ఎందుకంటే దీన్ని మూయడానికి వీల్లేదు అని. లేసీ ఊకొట్టడం ఆగిపోయింది. చేతులెత్తినప్పుడు నేను మీవాళ్ళ వైపు ఎత్తాను. పల్లెలవాళ్ళు ముగ్గురు ఇటు వచ్చారు, ఇద్దరు అటు వెళ్ళారు. నేను అటు ఎత్తి ఉంటే చెరి ఇరవై అయి, సభాధ్యక్షుడి అదనపు ఓటుతో మూతపడేది. ఇటు ఎత్తాను కాబట్టి ఉంది.

క్లబ్బులో ఇవాళ నాతో ఎవరూ మాట్లాడలేదు. మేయరుకు లేసీ పేరు చెబుతారట. ఉతికించిన అంగీ తిరిగి వచ్చింది, చాలా శుభ్రంగా ఉంది.

వచ్చేవారం మా కుర్రాళ్ళను పంపించి మీ ఇంట్లో టబ్బు పెట్టిస్తాను. కిటికీలోది. కాదనకు.

నీ అన్న,
కత్‌బర్ట్

* * *

స్కెల్డెన్, 22 ఫిబ్రవరి 1974

అన్నయ్యా,

మన ఉత్తరాలు రెండూ దారిలో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. నాది చదివి ఉంటావు. దాన్ని పొయ్యిలో వేసెయ్యి. మిసెస్ క్లెగ్‌కు కూడా చెప్పాను, ఇక నుంచి ఉపన్యాసం చివరిదాకా వినకుండా బస్సెక్కకూడదని. "మీ అన్నయ్య ఉపన్యాసం చివరిదాకా వినాలంటే మంచం తెచ్చుకోవాలమ్మా" అంది.

టబ్బు వద్దు. పెట్టడానికి ఇంట్లో జాగా లేదు, వంటింట్లో పెడితే వంట టబ్బులో చేసుకోవాలి. అయినా నేను అడిగింది నా ఒక్కదానికి కాదు. నీకు అంతగా పంపాలని ఉంటే ఆ తెల్లది స్నానశాలకు పంపు. ఆరో నంబరు తొట్టికి అడుగున చిల్లు ఉంది.

నేనెందుకు చెప్పలేదంటావా? టబ్బులమ్మే అన్నకు, నాకు టబ్బు లేదని ఎలా చెప్పమంటావు? పెళ్ళయిన కొత్తలో ఆల్ఫ్ నవ్వేవాడు, "మీ అన్న టబ్బుల బండి మన వీధి చివరిదాకా వచ్చి తిరిగి వెళ్తుంది, సబ్బు పట్టుకుని దాని వెనక పరిగెత్తు" అని. తర్వాత నవ్వడం మానేశాడు. నేను చెప్పడం మానేశాను.

ఏప్రిల్‌లో నీ పేరు నేను చెబుతాను. గెలవవు. మావాళ్ళు ట్రిగ్‌తో మాట్లాడుకున్నారు, ఆయన్నే మేయరు చేస్తారు. బదులుగా ఆయన స్నానశాలకు కొత్త బాయిలరు పెట్టడానికి ఓటు వేస్తాడు. చూశావా, బేరం కుదిరింది, మధ్యలో నువ్వు లేవు అంతే. బ్రెథర్టన్ నీ పేరు బలపరుస్తాడు. "మర్యాద కోసం బలపరుస్తాను, చెయ్యి మాత్రం ట్రిగ్‌కే" అన్నాడు. అయినా నీ పేరు ఆ గదిలో వినబడాలి.

ప్లాస్టరు వచ్చేవారం తీస్తారు.

విన్నీ

* * *

ఉత్తర ఎండర్‌డేల్ (హాల్విక్), 4 ఏప్రిల్ 1974

విన్నీకి,

ఆ రోజు నీతో మాట్లాడటానికి కుదరలేదు. సభ అవగానే నువ్వు బస్సుకు వెళ్ళిపోయావు. ట్రిగ్ గారు అందరికీ పందిమాంసం వడలు పెట్టారు. గొలుసు ఆయన పొట్ట మీద బాగానే నప్పింది. కోడిగుడ్ల గోడౌనులో ఇంకా కొంచెం వాసన ఉంది, గమనించావా?

పిల్లింగ్ నన్ను "మిస్టర్ ఫెన్విక్" అని పిలిచాడు. ఎవరిని పిలుస్తున్నాడా అని వెనక్కి చూడబోయాను.

మార్చి ఆఖరి రోజున హాల్విక్ పాత సభ చివరిసారి కూర్చుంది. ఏడువందల ఏళ్ళ సభను ముగించడానికి ఎవరికీ తీర్మానం రాయడం రాలేదు. చివరికి "సభ వాయిదా వేయబడింది" అని రాసి లేచిపోయాం. వెండి దండాన్ని మ్యూజియంలో గాజు పెట్టెలో పెడతారు. సొట్ట గోడ వైపు తిప్పి పెడతామని లేసీ అన్నాడు. ముందుకే పెట్టాలని నేనన్నాను. అది కూడా ఓడిపోయాను.

ఇక అసలు సంగతి. నీకు తెలుసు కదా, గోడౌనులో కుర్చీలన్నీ ఒకే వైపు వేశారు, నేను ముందువరసలో కూర్చున్నాను. ఓట్లు లెక్కపెట్టేటప్పుడు వెనక్కి తిరిగి చూడటం పెద్దమనిషి లక్షణం కాదు. ట్రిగ్, లేసీ అయ్యాక పిల్లింగ్ నా పేరు చదివాడు. "ఫెన్విక్, రెండు" అన్నాడు. ఒకటి నీదని తెలుసు. బ్రెథర్టన్‌ది ట్రిగ్‌కు వెళ్ళింది. రెండోది ఎవరిది? మూడు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. పార్టీని, క్లబ్బును, పందులను కాదని నాకోసం చెయ్యెత్తిన మనిషి ఆ గదిలో ఒకడున్నాడు. ఆయన్ని ఒకసారి ఇంటికి టీకి పిలవాలని ఉంది. ఆయనకు ఇబ్బంది అవుతుందనుకుంటే ఎవరికీ చెప్పనులే. నాకొక్కడికి రాయి.

టబ్బు స్నానశాలకు చేరింది. బెర్తా సంతకం పెట్టించుకుంది. ఈసారి కూడా తాతా అనే పిలిచింది.

నీ అన్న,
కత్‌బర్ట్

* * *

స్కెల్డెన్, 6 ఏప్రిల్ 1974

అన్నయ్యా,

ఈ ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఒకదాంట్లో ఆ ఓటు మా సభ్యుల్లో ఒకరైన మిసెస్ హాలమ్‌ది అని రాశాను. ఇంకోదాంట్లో నాకు కనబడలేదని రాశాను. తర్వాత, ఇన్నేళ్ళు ఒక సంగతి చెప్పకుండా ఉండి చూశాం కదా, ఏం బావుకున్నాం అనిపించింది.

నేను నీ వెనకాల మూడో వరసలో ఉన్నాను. నాకు అంతా కనబడింది. ట్రిగ్‌కు, లేసీకి ఓట్లు అడిగినంతసేపూ నువ్వు ఎక్కడో ఆలోచిస్తూ కిటికీలోంచి పొలం వైపు చూస్తున్నావు. పిల్లింగ్ నీ పేరు చదివి "అనుకూలురు చేతులెత్తండి" అన్నాడు. నేను ఎత్తాను. నువ్వు కిటికీలోంచి చూస్తూనే ఉన్నావు, నీ కుడిచెయ్యి దానంతట అది లేచింది. ఇన్నేళ్ళుగా ఆ మాట వినగానే లేచే అలవాటు కదా దానికి. పిల్లింగ్ లెక్కపెట్టి కలం ఎత్తాడు, అది దిగింది. నీకు తెలియను కూడా తెలియలేదు.

రెండో చెయ్యి నీదే అన్నయ్యా.

గదిలో అందరూ చూశారు. లేసీ చూశాడు, బ్రెథర్టన్ చూశాడు. ట్రిగ్ గారు తల వంచుకుని కోటు గుండీలు సర్దుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. నేను బస్సెక్కేదాకా ఆపుకున్నాను, ఎక్కాక నవ్వాను, ఎంత నవ్వానంటే కండక్టరు నీళ్ళు కావాలా అని అడిగాడు. ఆ తర్వాత ఇంటిదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను, అదంతా నవ్వు వల్లే అని చెప్పలేను.

వచ్చే ఏడాది మే నెలలో మళ్ళీ మేయరు ఎన్నిక ఉంది. నీ పేరు మళ్ళీ నేనే చెబుతాను. ఈసారి కావాలని ఎత్తు.

నీ చెల్లెలు,
విన్నీ